గడువు డాక్టరు

ఊళ్ళో నన్ను గడువు డాక్టరంటారు. కుక్కకి గడ్డ తీసి, ముక్కని ల్యాబుకి పంపి, అందులో కణాలు ఎంత జోరుగా చీలుతున్నాయో రిపోర్టు రాగానే మూడు నెలలనో ఆరు నెలలనో చెప్పేసేవాణ్ణి. నా మాట తప్పేది కాదు. ఎందుకు తప్పదో నాకు ఆలస్యంగా తట్టింది. గడువు వినగానే సగం మంది, మూగజీవిని బాధపెట్టడం ఎందుకని, ఆ లోపే ప్రాణం పోయే సూది వేయించేసేవారు.

స్టేషన్ మాస్టారి దగ్గరే నా పరువు పోయింది. రిటైరై చాలా ఏళ్ళయినా ఆయన అందరికీ స్టేషన్ మాస్టారే. ఇంట్లో ఆయన, బడిలో పాఠాలు చెప్పే కూతురు, మొద్దు అనే నల్ల కుక్క. మొద్దు తొడ మీద గడ్డ తీశాను. రిపోర్టు చూసి, "నాలుగు నెలలు మాస్టారూ" అన్నాను, నేనే రాసిపెట్టినట్టు. నిజానికి పుస్తకాల్లో ఉన్నది, ఇలాంటి కుక్కల్లో సగం నాలుగు నెలల లోపు పోతాయని. మిగతా సగం సంగతి ఎత్తడం నాకు చాదస్తమనిపించింది.

నాలుగు నెలలు నిండిన రోజు మొద్దు నా క్లినిక్కు మెట్లు రెండేసి చొప్పున దూకుతూ వచ్చింది.

"బండి లేటండీ డాక్టరు గారూ!" అన్నాడు మాస్టారు, మొహం చేటంత చేసుకుని.

నాకు ఒళ్ళు మండింది. కుక్క బతికినందుకు ఒళ్ళు మండిన డాక్టర్ని లోకంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఒళ్ళంతా తడిమి చూసి, "ఇంకో నెల" అన్నాను. ఆ పై నెలా అదే మాట. ఆ పై నెలా అంతే.

ఏడో నెలలో కూతురు ఒక్కతే వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నాన్న పేగులో గడ్డ ఉందండీ. మొద్దుది బయటపడ్డ నెలలోనే ఆయనదీ బయటపడింది. ఆపరేషన్ చేయించుకోమంటే, ముందు దాని సంగతి తేలనీ అంటున్నారు."

"అదేం మాటమ్మా?"

"'నేను ఆస్పత్రిలో ఉండగా అది పోతే, వదిలేసి పోయాననుకుంటుంది పాపం, నాలుగు నెలలేగా, ఆగుతా' అన్నారు. మీరేమో ఇంకో నెల, ఇంకో నెల అంటూనే ఉన్నారు!"

సిగ్గుతో చచ్చిపోయాను. కుక్కకి పెట్టిన గడువు మనిషి మెడకి చుట్టుకుంది.

ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను. మొద్దు సోఫా నిండా పడుకుని ఉంది. మాస్టారు కింద కూర్చుని దానికి బిస్కెట్లు తుంచి పెడుతున్నాడు.

"మాస్టారూ, ఇది ఎప్పుడు పోతుందో నాకు తెలీదు. రేపే పోవచ్చు, మూడేళ్ళు ఉండొచ్చు."

"మరి నాలుగు నెలలని ఎందుకన్నారు?"

"గొప్పకి."

ఆయన దాని చెవి నిమిరాడు. "మూడేళ్ళంటే దీన్ని బయట తిప్పేదెవరు?" అని గొణుక్కున్నాడు. తర్వాత కూతుర్ని పిలిచి, "రేపు ఆస్పత్రికి ఫోన్ చెయ్యమ్మా" అన్నాడు.

ఆపరేషనయిన రెండు నెలలకి ముగ్గురూ నా దగ్గరికి వచ్చారు. మాస్టారు సగమైపోయాడు. మొద్దు ఒళ్ళు చేసింది. ఆయన దాన్ని బల్ల ఎక్కించలేక ఆయాసపడుతుంటే, కూతురు నా పక్కకి వచ్చి మెల్లగా చెప్పింది.

"ఆరు నెలల ముందు వచ్చుంటే మొత్తం తీసేసేవాళ్ళమన్నారండీ. ఇప్పుడు పాకిపోయిందట."

నాలుగు తిట్టినా బాగుండేది.

మాస్టారు ఊపిరి తీసుకుని నా వైపు తిరిగాడు. "డాక్టరు గారూ, ఆస్పత్రిలో డాక్టరు నాకు ఆరు నెలలన్నారు. ఆయన చాలా పెద్ద డాక్టరు, చెప్పింది చెప్పినట్టు జరుగుతుందట. నాకు భయంగా ఉంది. మీరు కూడా ఓ మాట చెప్పండి. మీదైతే తప్పుతుంది."

ఆయన చెయ్యి పట్టుకుని నాడి చూశాను. గొంతు సవరించుకుని, ఎప్పటి బింకంతోనే అన్నాను.

"రెండు నెలలు మాస్టారూ."

ఆయన పగలబడి నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. కూతురు నా వైపు చూడలేదు.