నడిమి ముక్క

“ఇక నీకేం పని సుధా! బటన్ నొక్కి కాళ్ళు బార్లా చాపుకుని కూర్చో,” అన్నాడు శివనాగరాజు, ఎయిర్ ఫ్రయర్ అట్టపెట్టెని వంటగట్టు మీద దించుతూ.

సుధారాణి స్కూలు ఆఫీసులో పని ముగించుకుని అప్పుడే ఇల్లు చేరింది. చీరైనా మార్చుకోకుండా పీట మీద కూర్చుని చేపకి పొలుసు గీస్తోంది. కాళ్ళు చాపుకోమన్న మహానుభావుడు ఈ పదమూడేళ్ళలో తాను తాగిన గ్లాసు తాను కడిగిన పాపాన పోలేదు. నిజాంపట్నం రేవులో చేపల కమీషన్ వ్యాపారం ఆయనది. బుట్టలో చేపని చూసి ఎంత తూగుతుందో చెప్పేస్తాడు గానీ, రేపల్లెలో సొంత వంటింట్లో ఉప్పు డబ్బా ఏదంటే దిక్కులు చూస్తాడు. నూనె తగ్గించమని తెనాలి డాక్టరు చెప్పింది ఆయనకి. మిషన్ మాత్రం పెళ్ళిరోజు కానుకట, సుధారాణికి! ఆయన కొలెస్టరాల్‌కి ఈవిడ మురిసిపోవాలి.

మొదటిరోజు చేప చెక్కలా బిగుసుకుపోయింది. కరివేపాకు మిషన్ లోపలి ఫ్యాను గాలికి పైకెగిరి, పైనున్న కాయిల్‌కి అంటుకుని మాడింది. అత్తగారు పేరమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని కంచం అవతలికి జరిపింది.

“ఇదేంటే, వేపిన చేపా, ఇసకలో ఆరేసిన చేపా? నూనె లేనిది వేపుడేంటి?”

“లోకమంతా చేసుకుంటున్నారమ్మా. బటన్ నొక్కడం కూడా రాకపోతే నేనేం చెయ్యను?” అన్నాడు కొడుకు.

సుధారాణి ఎదురు చెప్పడం మానేసి చాలా ఏళ్ళయింది. కానీ ఆ మిషన్ మీద మాత్రం పంతం పట్టింది. సాయంత్రం నాలుగింటికి ఇంటికి రాగానే, పేరమ్మ పక్కింట్లో సీరియల్ చూసొచ్చేలోపు, రోజూ ఒకటో రెండో ముక్కలు వేసి చూసేది. ఒక్కో రోజు ఒక్కో సంగతి తెలిసింది. ముక్కల్ని తడి లేకుండా బట్టతో అద్దాలి. మసాలా పులుసులా జారకూడదు. కాస్త బియ్యప్పిండి, చెంచాడు నూనె కలిపి ముద్దగా పట్టించాలి. మిషన్లోని గిన్నె ముందే వేడెక్కాలి. నాలుగు ముక్కలకి మించి పెట్టకూడదు, అవి ఒకదాన్నొకటి తాకకూడదు. పది నిమిషాలకి తిప్పాలి. ఎండు నెత్తళ్ళలాంటి తేలికపాటి చిన్న చేపలు వేస్తే పైన స్టీలు జాలీ బోర్లించాలి, లేకపోతే వాటికీ కరివేపాకు గతే. బటన్ నొక్కకముందు అరగంట పని, నొక్కాక అరగంట పని. ఆ రెండు అరగంటలూ ఆ ఇంట్లో ఎవరి కంటికీ ఆనలేదు.

ఆ ఇంట్లో చేపకో పద్ధతుంది. నడిమి ముక్కలు మగాళ్ళకి, తర్వాతవి అత్తగారికి, తోక ముక్కలూ చట్టి అడుగున మిగిలిన పులుసూ కోడలికి. ఎవరూ రాసి పెట్టలేదు గానీ ఎవరూ తప్పనూ లేదు. ఇప్పుడు రుచి చూసేదీ తనే కాబట్టి, పదమూడేళ్ళకి సుధారాణి ఒక నడిమి ముక్కని వేడివేడిగా, నిలబడి, నాలుక కాల్చుకుంటూ తింది. పైన కరకరలాడుతోంది, లోపల వెన్నలా ఉంది. ఇంత బాగా వండుతానా నేను! మరి ఇన్నేళ్ళూ ఈ చేతి వంట వేళ్ళు నాక్కుంటూ తిన్న మనిషి ఒక్కసారైనా బాగుందన్నాడా? ఉప్పు తగ్గిన రోజు మాత్రం ఇల్లెగిరిపోయేలా అరిచేవాడే! ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ముల్లు కూడా చీకింది.

ఆ పూట పన్నెండు ముక్కల్ని మూడు విడతలుగా వేయించి వడ్డించింది. శివనాగరాజు లొట్టలేశాడు.

“చూశావామ్మా, మిషన్ ఎట్టా చేసిందో!”

“మంచి వస్తువు తెచ్చావురా నాయనా,” అంది పేరమ్మ.

బాగుంటే మిషన్ చేసింది. మాడిన రోజు సుధారాణి మాడ్చింది. అంతవరకూ మొగుడంటే ఆవిడకి కాస్త భయం, లోపల్లోపల కోపం ఉండేవి. వేలు నాకుతూ మిషన్ని పొగుడుతున్న ఆ మొహాన్ని చూశాక మొదటిసారి చులకన కలిగింది. అది భయం కన్నా ఎంతో హాయిగా ఉంది.

రేవులో ఆయన కోతలు కోయకుండా ఉంటాడా? ఆదివారం భోజనానికి బోటు ఓనరు హనుమయ్యనీ, తోటి వ్యాపారి అంకారావునీ పిలిచేశాడు.

“పన్నెండింటికల్లా వస్తారు. పండుగప్ప చేప ముక్కలు, ఎండు నెత్తళ్ళు, రెండూ మిషన్లో చేసి పెట్టు,” అన్నాడు ఆ రోజు పొద్దున్నే.

“నేను చేసేదేముందండీ? మిషనే కదా చేసేది!”

ఎత్తిపొడుపు అర్థమయ్యే బుర్ర కాదది. “అవున్లే. బటన్ నొక్కడానికి నువ్వెందుకు? వాళ్ళ ముందు నేనే నొక్కుతా.”

“నెత్తళ్ళు వేసేటప్పుడు పైన ఒక...”

“చేపల గురించి నాకు చెప్తావా? చేపల్లో పుట్టినోణ్ణి!”

సరేనండి అంది సుధారాణి. అన్నం, పప్పుచారు వండింది. పదకొండున్నరకి రెండు నడిమి ముక్కలు తనకోసం వేయించుకుని వంటింట్లో పక్కన పెట్టుకుంది. చుట్టాలొచ్చాక, ఆ ఇంట్లో ఎన్నడూ లేనిది, హాల్లో వాళ్ళ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. పేరమ్మ కళ్ళురిమింది. సుధారాణి చూడనట్టే ఉంది.

శివనాగరాజు మిషన్ని హాల్లో బల్ల మీదికి తెచ్చాడు. తానే కలిపిన, కారుతున్న మసాలాతో పది ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. ఆ పైన రెండు గుప్పిళ్ళు ఎండు నెత్తళ్ళు పోశాడు. కొత్త బోటుని సముద్రంలోకి దించుతున్నవాడిలా ఛాతీ విరుచుకుని బటన్ నొక్కాడు.

“చూడండి బావా, ఇక వంటకి ఆడోళ్ళతో పన్లేదు!”

అయిదు నిమిషాలు గడవలేదు. నెత్తళ్ళు గాలికి లేచి లోపల టపటపా కొట్టుకున్నాయి. కాయిల్‌కి అంటుకుని గుప్పున పొగ. అంకారావు దగ్గుకుంటూ వీధిలోకి పరిగెత్తాడు. గిన్నె లాగి చూస్తే పైవి బొగ్గు, కిందివి పచ్చి.

“సుధా! ఏంటిది? చూస్తూ కూర్చున్నావేంటి?”

“లెగవే, ఇంటి పరువు పోతోంది!” అంది పేరమ్మ.

సుధారాణి లేచింది. హమ్మయ్య అనుకున్నట్టు శివనాగరాజు మొహం తేటపడింది. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, కంచంలో అన్నం పెట్టుకుని, తన రెండు ముక్కలూ వేసుకుని వచ్చి, మళ్ళీ అదే కుర్చీలో కూర్చుంది.

హనుమయ్య ఆ ముక్కల వంక చూసి గుటక వేశాడు. “చెల్లెమ్మా, ఇవీ ఈ మిషన్లోవేనా?”

“అవునన్నయ్యా. నేను చేశాను. లోపల అన్నం, పప్పుచారు ఉన్నాయి, పెట్టుకుని తినండి.”

నడిమి ముక్కని విరిచి నోట్లో పెట్టుకుంది.

“మరి మా చేప?” అన్నాడు శివనాగరాజు, మాడిన గిన్నె చేత్తో పట్టుకుని.

సుధారాణి తీరిగ్గా నమిలి మింగింది.

“మిషన్ని అడగండి.”