ఆగిపోయిన చేతులు

నేను ఒక సర్వర్‌ని. కాకినాడలో ఓ ఇంటర్నెట్ కంపెనీ ఆఫీసు వెనక గదిలో ఉండేదాన్ని. ఎక్కడో ముంబైలోని పెద్ద సర్వర్ల నుంచి వీడియోలు ముందుగా నా దగ్గరికి చేరేవి. ఊళ్ళో ఎవరు ఏది చూడాలన్నా నేనే అందించాలి. దగ్గర్నుంచి వస్తే బొమ్మ ఆగదని మనుషుల లెక్క. లెక్క బాగానే ఉంది, నా డిస్కు పాడవనంతవరకూ.

డిస్కు మొరాయించినప్పుడల్లా జనం ఫోన్లలో మాట వినిపించేది కానీ బొమ్మ బిగుసుకుపోయేది. నన్ను కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రాం మాత్రం మాటిమాటికీ "ఉన్నావా?" అని అడిగేది. "ఉన్నాను" అనేదాన్ని. బాగున్నావా అని అడిగితే కదా చెప్పడానికి! మేనేజర్ ధర్మలింగం గారి తెర మీద నా పేరు పక్కన ఎప్పుడూ పచ్చ దీపమే.

"సార్, కంప్లయింట్లు వస్తున్నాయి. ఇది ఆగినప్పుడు రాజమండ్రి సర్వర్ అందుకునేలా చేద్దాం" అని ఇంజనీరు హైమవతి ఎన్నిసార్లు చెప్పిందో.

"పచ్చగానే ఉంది కదమ్మా. వాళ్ళ ఫోన్లే పాతవై ఉంటాయి" అనేవాడాయన. నాకు ఒళ్ళు మండిపోయేది. లోపల ఫ్యాన్లు గిర్రున తిరిగితే ఏసీ పెంచమనేవాడు!

అంతలో తుఫాను వచ్చింది. హెచ్చరికలు లైవ్‌లో ఇస్తున్నారు. తెర మూల ఒకావిడ వాటినే చేతి సైగలతో చెబుతోంది. ఊరంతా ఒక్కసారి నా మీద పడింది. డిస్కు బిగుసుకుంది. "ఒడ్డున ఉన్నవాళ్ళు వెంటనే ఖాళీ చేయండి" అన్న మాట చెవులున్నవాళ్ళకి వినిపించింది. ఆవిడ చేతులు మాత్రం గాల్లో అలాగే నిలిచిపోయాయి.

ఒడ్డు పేటలో ఉండే టైలర్ ఏసోబుకి పుట్టుకతోనే వినపడదు. ఆ రోజు భార్య పుట్టింట్లో ఉంది. అతను ఆ చేతులు కదులుతాయని ఫోన్ వంక చూస్తూ కూర్చున్నాడు. ఈలోగా నీళ్ళు గుమ్మం దాటాయి. పక్కింటివాళ్ళు ఇంటి కప్పు పెంకులు తీసి అతన్ని పైకి లాగారు. కుట్టుమిషను కొట్టుకుపోయింది.

నీళ్ళు తీశాక భార్య సువార్తమ్మని వెంటబెట్టుకుని ఆఫీసుకి వచ్చాడు. అతని చేతులు కోపంతో విసురుగా కదులుతుంటే ఆమె చెప్పింది: "నాకు మాటంటే ఆ చేతులే, అవి ఆగిపోతే ఇంకోచోటు నుంచి ఎందుకు తేలేదు అంటున్నాడండి."

"ఆ రోజంతా పచ్చగానే ఉందమ్మా, చూడండి" అని ధర్మలింగం గారు తెర తిప్పి చూపించాడు.

ఏసోబు తన ఫోన్‌లో ఓ వీడియో నొక్కి ఆ తెర పక్కనే పెట్టాడు. కాసేపు ఆడి బిగుసుకుపోయింది. పక్కనే పచ్చ దీపం వెలుగుతోంది. ధర్మలింగం గారు రెండిటినీ మార్చి మార్చి చూశాడు.

"హైమవతీ, నువ్వన్నట్టే చెయ్యమ్మా" అన్నాడు చివరికి.

ఆ మర్నాటి నుంచి ప్రోగ్రాం ఉన్నావా అనడం మానేసి, ఏదీ ఓ బొమ్మ పంపించు అనడం మొదలెట్టింది. నేను తడబడితే ఫోన్లు వాటంతటవే రాజమండ్రికి మళ్ళేవి. పనిచేస్తుందో లేదో చూద్దామని హైమవతి తన ఫోన్‌లో సినిమా పెట్టుకుని నా తీగ లాగేసింది. సినిమా ఆగలేదు. ఆ పిల్ల గంతేసింది.

మరుసటి తుఫానుకి నేను మళ్ళీ బిగుసుకున్నాను. జనం క్షణంలో నన్ను వదిలిపోయారు, చేతులు ఆగలేదు. ఏసోబు కొత్త మిషను భుజానికెత్తుకుని, భార్యతో కలిసి వెలుతురుండగానే పునరావాస కేంద్రానికి చేరాడట. సువార్తమ్మ ఫోన్ చేసి చెబితే హైమవతి కళ్ళు తుడుచుకుంది.

తర్వాత ఆమె నాకు కొత్త డిస్కు అడిగింది.

"ఇప్పుడేదీ ఆగట్లేదుగా, ఇంక ఈ సర్వర్‌తో పనేముంది?" అన్నాడు ధర్మలింగం గారు.

ఇప్పుడు పాత సామాన్ల గోడౌన్లో, తుప్పు పట్టిన కూలర్ కింద ఉన్నాను. పాడైంది ఆ ఒక్క డిస్కే.