రెండో లైఫ్‌గార్డు

ఎర్ర టీషర్టు శాంతిప్రియకు సరిపోయింది కాబట్టి ఆమె లైఫ్‌గార్డు అయింది. అంతకు మించి వేరే కారణమేమీ లేదని తెలిసినప్పుడు సత్యకుమారికి ఒళ్ళు మండిపోయింది.

అది 2023 జూన్ నెల. సత్యకుమారి గల్ఫ్ దేశంలో, అజ్మాన్‌లో మరో అయిదుగురు ఆడవాళ్ళతో కలిసి ఒక గదిలో ఉండేది. పొద్దున్నే కంపెనీ బస్సెక్కి, ముప్పావుగంట దూరంలో ఉన్న ఊళ్ళో బలదియా వాళ్ళ కమ్యూనిటీ సెంటర్‌కు వెళ్ళి, బట్టలు మార్చుకునే గదులూ షవర్లూ కడిగేది. బలదియా అంటే అక్కడి మున్సిపాలిటీ. చిన్న లైబ్రరీ, బాడ్మింటన్ హాలు, పిల్లలకు బొమ్మలేయడం నేర్పే గది, స్విమ్మింగ్ పూల్, అన్నీ బలదియా కట్టించినవే. నడిపేది మాత్రం కాంట్రాక్టు తీసుకున్న కంపెనీ. తాళాలు తీసే మనిషి నుంచి లైబ్రరీలో కూర్చునే అమ్మాయి దాకా అందరూ ఆ కంపెనీ మనుషులే.

మంగళ, గురువారాల్లో పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా పూల్ ఆడవాళ్ళది. ఆ మూడు గంటలూ మగవాళ్ళు లోపలికి రాకూడదు. ఒడ్డున సర్టిఫికెట్ ఉన్న ఆడ లైఫ్‌గార్డులు ఇద్దరుండాలి. ఇద్దరికీ బలదియానే డబ్బిస్తుంది. వాళ్ళ ఫోటోలు గేటు దగ్గర బోర్డు మీద పెడతారు. ఒకరు కెన్యా అమ్మాయి మెర్సీ. రెండో అమ్మాయి రంజాన్ నెలలోనే పని మానేసి తన దేశం వెళ్ళిపోయింది. ఆమె స్థానంలోకి కంపెనీ ఎవరినీ తేలేదు. మగవాళ్ళ పూటల్లో మాత్రం నలుగురికి నలుగురూ ఉండేవారు. ఆ కుర్చీలు ఏనాడూ ఖాళీగా లేవు. ఆడవాళ్ళ కుర్చీ రెండు నెలలు ఖాళీగా ఉంటే ఎవరికీ పట్టలేదు. తీరా బలదియా తనిఖీ మొదలైందని తెలిసేసరికి, రాత్రికి రాత్రి బోర్డు మీద శాంతిప్రియ ఫోటో వచ్చి కూర్చుంది.

శాంతిప్రియది భీమవరం పక్క పల్లె. ఇరవై ఆరేళ్ళుంటాయి. సత్యకుమారితో పాటే నేల తుడిచే మనిషి. నీళ్ళు నడుం దాకా వస్తే చాలు, ఆ పిల్లకు ఊపిరాడదు.

సత్యకుమారి నేరుగా సూపర్‌వైజరు దగ్గరకు వెళ్ళింది. పేరు ప్రభుదాస్, కాకినాడ మనిషి.

"ఏటండీ ఇది? ఆ పిల్లకి ఈతొచ్చా?"

"ఈదడానికెవరు పెట్టారండీ? కూర్చోడానికి పెట్టాం. ఈదాల్సొస్తే మెర్సీ ఉంది కదా."

"మరి నన్నడగలేదేం? మాది అంతర్వేది కాడ. పదేళ్ళప్పుడు వశిష్ఠలో పడవ తిరగబడితే ఈదుకుంటా ఒడ్డుకొచ్చినదాన్ని. సర్టిఫికెట్టు పరీక్షుంటే పంపండి, రాస్తాను."

ప్రభుదాస్ ఆమెను పైనుంచి కింద దాకా చూసి నవ్వాడు. "ఉన్న టీషర్టు మీడియం సైజు సత్యకుమారి గారూ. మీకెక్కడ పడుద్ది? కొత్తది కావాలంటే బలదియాకి రాయాలి. ఎందుకూ అని వాళ్ళడుగుతారు. ఈ తలనొప్పంతా దేనికండీ?"

నలభై ఒకటో ఏట, అంతమంది వచ్చే పోయే వరండాలో, తన ఒంటి కొలత గురించి ఒక మగాడు అలా మాట్లాడేసరికి సత్యకుమారి గిర్రున వెనక్కి తిరిగింది. వెళ్ళి షవర్ల గది నేలను అరగంటసేపు కసిగా రుద్దింది. అవమానం తన ఒక్కదానిదే అయితే మింగేసేదేమో. కానీ ఆ నీళ్ళలో పిల్లలు దిగుతారు.

తర్వాతి గురువారం ఆమె భయపడినంతా జరిగింది. ఆ రోజు తనిఖీ వేరే ఊళ్ళోని సెంటర్లో అని తెలిసి, కంపెనీ వాళ్ళు మెర్సీని పొద్దున్నే అక్కడికి తరలించారు. ఇక్కడ తొమ్మిదింటికి తలుపులు తెరిచారు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. సెలవులకు ఇంట్లో మగ్గుతున్న పిల్లల్ని తీసుకుని ఆడవాళ్ళు గుంపుగా వచ్చారు. పదింటికల్లా నీళ్ళలో ఇరవయ్యారు మంది ఉన్నారు, అందులో తొమ్మిదిమంది పిల్లలు. ఎత్తు కుర్చీలో శాంతిప్రియ ఒక్కతే, మెడలో విజిల్ వేసుకుని, రెండు చేతులతో కుర్చీ పట్టుకుని కూర్చుంది.

మాప్ పట్టుకుని అటు వచ్చిన సత్యకుమారిని చూసి ఆ పిల్ల మెల్లగా పిలిచింది. "అక్కా, మెర్సీ రాలేదు. లోతు వైపు పిల్లలు గెంతుతున్నారు. ఎవరన్నా మునిగితే నేనేం చెయ్యను? దిగిపోతే వుజ్జోగం తీసేస్తానన్నారక్కా."

సత్యకుమారి మాప్ గోడకు ఆనించింది. ఆ పిల్ల మెడలోంచి విజిల్ తీసుకుని గుండెల నిండా ఊపిరి పీల్చి ఊదింది. హాలంతా మారుమోగింది.

"బాహర్! సబ్ బాహర్! యల్లా, యల్లా! పిల్లల్ని పైకి తీయండి!"

ఎవరికో ఏదో అయిందనుకుని ఆడవాళ్ళు కేకలేస్తూ పిల్లల్ని ఒడ్డుకు లాక్కున్నారు. చివరి పిల్లాడి కాళ్ళు నీళ్ళలోంచి బయటికి వచ్చేదాకా సత్యకుమారి విజిల్ ఆపలేదు. ఏమీ కాలేదని తెలిశాక అందరూ ఆమె మీద విరుచుకుపడ్డారు. అందరికంటే గట్టిగా అరిచింది గుల్జార్ బేగం. నిజామాబాద్ నుంచి కొడుకు దగ్గరకు వచ్చి ఉంటున్న పెద్దామె, మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. మోకాళ్ళ నొప్పులకు నీళ్ళలో నడవమని డాక్టరు చెప్పాడు.

"ఏం లొల్లి ఇది? వారానికి ఆరు గంటలు మావి. దాంట్ల గూడ తుడిచేటోళ్ళు అచ్చి ఎళ్ళగొడ్తరా?"

"అమ్మా, తిట్టండి, పడతాను. ముందు ఒక్క మాటినండి. ఆ కుర్చీలో ఉన్న పిల్లకి ఈత రాదు. నాలాగే నేల తుడిచే పిల్ల. ఈత వచ్చిన మెర్సీని వేరే చోటికి పంపేశారు. మీ మనవరాలు మునిగితే తీసేవాళ్ళు లేరమ్మా ఇక్కడ."

గుల్జార్ బేగం శాంతిప్రియ వైపు చూసింది. ఆ పిల్ల మొహంలోనే జవాబుంది. పెద్దామె తడి చేతులతో మనవరాలిని దగ్గరకు లాక్కుని, పక్కవాళ్ళకు ఆ మాటే ఉర్దూలో చెప్పింది. హాలు ఒక్కసారిగా చల్లబడింది.

అంతలో తలుపు దబదబా మోగింది. ప్రభుదాస్. ఆడవాళ్ళ వేళ కాబట్టి లోపలికి రాలేడు.

"సత్యకుమారీ! ఎవడు చెప్పాడు నిన్ను విజిలూదమని? అందర్నీ మళ్ళీ దింపు!"

"మీరొచ్చి కుర్చీలో కూర్చోండి, దింపుతాను."

"నేనెలా వస్తానే? ఆడోళ్ళున్నారు కదా!"

"మరి ఆడోళ్ళకి ఈతొచ్చిన ఆడమనిషిని పెట్టాలని తెలీదా? ఆ డబ్బు తీసుకుంటన్నారు కదా!"

"ఖలాస్! రేపట్నుంచి నువ్విక్కడ కనపడకు!"

సత్యకుమారికి ఊళ్ళో కూతురి నర్సింగ్ చదువు గుర్తొచ్చింది. అయినా విజిల్ చేతిలోంచి వదల్లేదు.

ఈలోగా గుల్జార్ బేగం చీకాకుగా, "ఆ బోర్డు మీద బలదియా నంబరున్నది గదా, ఎవలన్న కలపండి," అంది. ఎవరో కలిపి ఇచ్చారు. తడి బట్టల్లోనే నిలబడి ఆమె అన్నీ చెప్పింది. మీరు వచ్చేదాకా ఇక్కడినుంచి ఒక్కరం కూడా కదిలేది లేదని చెప్పింది.

గంటలో బలదియా నుంచి మైథా అనే అధికారిణి వచ్చింది. నల్లటి అబాయా, చేతిలో టాబ్లెట్. మాట నెమ్మదిగా ఉంది. వచ్చీరాని హిందీలో శాంతిప్రియను ఒక్క ప్రశ్న అడిగింది.

"ఈ చివర నుంచి ఆ చివరకు ఈదగలవా?"

శాంతిప్రియ ఏడ్చేసింది. మైథా టాబ్లెట్‌లో చూసింది. సర్టిఫికెట్ నంబరు వెళ్ళిపోయిన అమ్మాయిది. పైన ఫోటో మాత్రం శాంతిప్రియది. 

"ఈ పోస్టుకు మేం ప్రతి నెలా ఇస్తూనే ఉన్నాం," అంది మైథా, తనలో తాను అనుకున్నట్టు. తర్వాత తలుపు తీసి వరండాలోకి వెళ్ళింది. అక్కడ ఆమె గొంతు నెమ్మదిగా లేదు.

న్యాయం జరిగిపోతుందనే ఆ పూట సత్యకుమారి అనుకుంది. జరిగింది ఇది. మనుషులు లేరు కాబట్టి ఆడవాళ్ళ వేళలు ఆపేశారు. మగవాళ్ళ వేళలు యథాప్రకారం నడిచాయి. శాంతిప్రియను అజ్మాన్ గదిలో పని లేకుండా కూర్చోబెట్టారు. ప్రభుదాస్‌ను ఇంకో సెంటర్‌కు సూపర్‌వైజరుగానే పంపారు. సత్యకుమారిని ఆఫీసుకు పిలిచి ఒక కాగితం ముందు పెట్టారు. గుమాస్తా ఇర్షాద్ హిందీలో చదివి వినిపించాడు. డ్యూటీ వదిలేసింది, వచ్చినవాళ్ళను భయపెట్టింది, పబ్లిక్ సర్వీసుకు అడ్డం పడింది. కింద సంతకం చేయాలి.

"చేస్తాను. కానీ జరిగింది కూడా రాస్తాను," అంది సత్యకుమారి.

"తెలుగులోనా? ఇక్కడెవరు చదువుతారమ్మా?"

"చదివించుకుంటారులే."

ఆమె కాగితం తనవైపు తిప్పుకుని, మిగిలిన ఖాళీలో గుండ్రటి అక్షరాలతో రాసింది. "నీళ్ళలో ఇరవయ్యారు మంది ఉన్నారు. చూసేవాళ్ళు లేరు. అందుకని బయటికి రప్పించాను. మళ్ళీ అలాగే ఉంటే మళ్ళీ రప్పిస్తాను." దాని కింద సంతకం చేసింది. ఇర్షాద్ ఆ కాగితం చూసి ఫైల్లో పెట్టాడు. పెట్టే ముందు తన ఫోనుతో ఒక ఫోటో తీసి ఆమెకు పంపాడు.

ఆ వారమే ఆమెను దూరాన ఉన్న ముసఫ్ఫాకు మార్చారు. గ్యారేజీల మధ్య ఒక ఆఫీసు, మూడంతస్తులు, గ్రీజు కాళ్ళ మరకలు. ఉద్యోగం పోలేదు. తీసేస్తే బలదియా అడుగుతుందని కంపెనీ భయపడి ఉంటుంది. లైఫ్‌గార్డు పరీక్షకు పంపమని ఆమె మళ్ళీ అడిగింది. వీసాలో క్లీనరని ఉంది, కుదరదన్నారు.

అయిదు వారాల తర్వాత, ఆ రోజే ఆమె నంబరు తీసుకున్న గుల్జార్ బేగం ఫోన్ చేసింది. "బిడ్డా, మా పూల్ తెరిచిండ్రు. మెర్సీ ఉన్నది, ఇంకో నేపాల్ పిల్ల అచ్చింది. మేమందరం ఒక్కటే మాటన్నం. మీరిద్దరు ముందుగాల మా కండ్ల ముందట ఈదుండ్రి, గప్పుడే మేం దిగుతం అన్నం. ఈదిండ్రు!"

సత్యకుమారి చాలా రోజుల తర్వాత మనసారా నవ్వింది. నవ్వు ఆగాక అడిగింది.

"మరి ఆ రెండు నెలలూ లేని మనిషి పేరు మీద తీసుకున్న డబ్బు సంగతేటమ్మా? అది కక్కించారా?"

"అదెవ్వలు చెప్పలే బిడ్డా."

"మీరడగలేదా?"

"లే బిడ్డా. పూల్ తెరిచిండ్రని ఊకున్నం." ముసఫ్ఫా రోడ్డు మీద లారీలు పోతున్నాయి.

"ఆ బలదియా నంబరు మీ దగ్గరుంది కదమ్మా," అంది సత్యకుమారి. "మళ్ళీ చెయ్యండి. నా పేరు కూడా చెప్పండి."