పిప్పరమెంటు చప్పుడు

...బిళ్లదే అయ్యుంటుంది. బిళ్ల కాక ఇంకేం పగులుతుంది? పిప్పరమెంటు పళ్ల మధ్య పడితే పటుక్కుమనడం సహజమే. కాకపోతే ఆ చప్పుడు చెవికి బయటినుంచి రాలేదు, లోపలినుంచి వచ్చింది. గెరిట్‌ను వదలనిది అదే. అయినా నోట్లో ఏది పగిలినా లోపలినుంచే కదా వినిపించేది. కాదా?

వేదిక మీద పాస్టరు మూడో అంశంలోకి వచ్చాడు. ఆ చర్చిలో అందరి అలవాటూ ఒకటే: ప్రసంగం మొదలవగానే బిళ్ల నోట్లో వేసుకోవడం, రెండు అంశాలదాకా చప్పరించడం, మూడోది రాగానే కొరికేయడం. ఇందాక బెంచీ చివరనుంచి కోరా పిన్ని చేయి చాచినప్పుడు గెరిట్ తల అడ్డంగా ఊపాడు.

"పుచ్చుకోవయ్యా. కొరకమన్నానా ఏం? చప్పరించు," అని గొణిగింది ఆవిడ.

పుచ్చుకున్నాడు. బుద్ధిగా చప్పరించాడు. పాస్టరు "మూడవదిగా" అన్నాడు. అంతే, గెరిట్‌ను అడక్కుండా దవడ తన పని తాను చేసేసింది. అదీ ఎడమవైపు.

ఆ ఎడమవైపే దవడ లోపల నీటితిత్తి పెరిగి ఎముకను గుల్ల చేసింది. తుంటిలోంచి మూలుగ తీసి, అందులోని మూలకణాలను వేరుచేసి పెంచి, స్పంజిలాంటి ముక్కలో నింపి ఆ గుంటలో పెట్టారు. బావమరిది రస్ ఆసుపత్రికొచ్చి, "కూర్చునే చోటుది తీసి మాట్లాడే చోట పెట్టారన్నమాట. ఇక నీ మాటలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో అడగక్కర్లేదు బావా," అన్నాడు. కుట్లు లాగుతాయని గెరిట్ నవ్వలేదు. డాక్టరమ్మ మాత్రం నవ్వకుండానే చెప్పింది. "ఇప్పుడు మీ దవడలో ఉన్నది ఎముక కాదు, ఎముక అవుదామన్న ఉద్దేశం. నేను చెప్పేదాకా ఆ పక్క ఏదీ కొరకొద్దు. ఇది నిలవకపోతే కాలి ఎముక కోసి తెచ్చి లోహపు పట్టీతో బిగించాలి."

నాలుక వెతకడం మొదలుపెట్టింది. వద్దన్నా ఆగలేదు. చిగుళ్ల పక్కన పదునైన పలుకొకటి తగిలింది. చక్కెరైతే కరుగుతుంది, ఎముకైతే కరగదు. దాన్ని నాలుక మీద పెట్టుకుని కూర్చున్నాడు. చిన్నదవుతున్నట్టే ఉంది. నిజంగా అవుతోందా, అవ్వాలని తను అనుకుంటున్నాడా? రుచి చూస్తే పిప్పరమెంటే. కానీ ఆ నోట్లో ఇప్పుడు ఎముక కూడా పిప్పరమెంటులాగే ఉంటుంది. ఇంకాస్త ఆగితే తెలిసిపోయేది. ఆగలేక మింగేశాడు. మింగాక అర్థమైంది, తనకు తెలుసుకోవాలని లేదు. తెలియనంతసేపూ దవడ బాగానే ఉంటుంది. తిత్తి సంగతిలోనూ ఇలాగే చేశాడు. వాపును చలిగాలి మీదకు నెట్టి, పంటి మీదకు నెట్టి, ఎముక సగం పోయేదాకా లాక్కొచ్చాడు.

చివరి కీర్తనకు అందరూ లేచారు. గెరిట్ పెదవులు బిగించుకుని పుస్తకం పట్టుకు నిలబడ్డాడు. పక్కన భార్య ఆర్లీన్ పాడుతూనే ఓరగా చూసింది.

కారెక్కాక ఆవిడ తాళం తిప్పలేదు.

"ఏమైంది?"

"ఏం లేదు."

"పాడలేదేం?"

"గొంతు బాగాలేదు."

"నీ గొంతు ఎప్పుడు బాగుంది కనక? అయినా ఏ ఆదివారం వదిలిపెట్టావు మమ్మల్ని?"

అతను కిటికీలోంచి చూస్తున్నాడు. బయట జనం కాఫీ కప్పులతో నిలబడి కబుర్లాడుకుంటున్నారు. దవడలో నొప్పి లేదు. నొప్పి లేకపోవడం మంచిదా, చెడ్డదా? ఆపరేషన్ తర్వాత అక్కడ స్పర్శే సరిగా లేదు. పగిలినా ఇలాగే ఉంటుందేమో. సాయంత్రందాకా చూడొచ్చు. సోమవారందాకా చూడొచ్చు. అలా చూస్తూ పోవడం తనకు బాగా తెలిసిన దారి.

"కిందటిసారీ ఏం లేదనే అన్నావు గెరిట్," అంది ఆర్లీన్. ఈసారి గొంతులో వేళాకోళం లేదు. "నేనూ సరేనన్నాను. తప్పు నాది కూడా."

అతను ఆమె సంచీలోంచి ఫోను తీశాడు. దాని టార్చిలైటు వెలిగించి ఆమె చేతిలో పెట్టాడు. సీటులో ఆమెవైపు తిరిగి నోరు తెరిచాడు.