వెర్నా చేతికి సరిపోయే తుపాకీ

వెర్నా మడతకుర్చీని గోడవారకి జరుపుకుని, ఫ్లాస్కులోని కాఫీని మూతలోకి ఒంపుకుంది. గురువారం సరుకు లారీ వచ్చే రోజు. లైల్ తన తుపాకుల దుకాణం ఎనిమిదింటికి గానీ తెరవడు. ఏడింటికే ఆమె ముందు పదకొండు మంది ఉన్నారు. తూటాలకి కరువొచ్చి నెలలవుతోంది, మనిషికి ఒక్క పెట్టె, అదీ ఉంటే.

"ఈసారి ఏ సైజు వచ్చిందో," అంది వెర్నా.

"ఏదొస్తే అదే కొనడం," అంది ముందున్న ఇమొజీన్. "మా ఆయన పోయిన నెల తూటాలు కొన్నాడు. ఇప్పుడు వాటికి పట్టే తుపాకీ కోసం తిరుగుతున్నాడు. చెప్పులు దొరికాయని కాళ్ళు వెతుక్కునే మనిషి, ఏం చెప్పను వదినా."

వరసంతా నవ్వింది. వెర్నా కూడా నవ్వింది.

ఆమెకి యాభై తొమ్మిదేళ్ళు. ఇరవై ఆరేళ్ళుగా ఆసుపత్రిలో బట్టలుతికే విభాగంలో పని. వేళ్ళ కణుపులు ఉబ్బిపోయాయి, గోళ్ళు బ్లీచింగ్ నీళ్ళకి తెల్లబడ్డాయి, చలి పెరిగితే కుడి బొటనవేలు వంగదు. పెళ్ళి చేసుకోలేదు. లోయలో చిట్టచివరి ఇంట్లో, అన్న హోబర్ట్‌తో ఉంటుంది. అతని ఊపిరితిత్తుల్లో ముప్ఫై ఏళ్ళ బొగ్గు ధూళి ఉంది, ముక్కుకి ఎప్పుడూ ఆక్సిజన్ గొట్టం ఉంటుంది.

చలికాలంలో దిగువ రెండిళ్ళలో దొంగలు పడ్డారు. పోలీసులు రావడానికి గంట పట్టింది. ఈస్టర్ రోజున భోజనాలయ్యాక హోబర్ట్ ఆమె చేత మాట తీసుకున్నాడు. "నేను పోయాక తుపాకీ లేకుండా ఈ ఇంట్లో ఒక్కదానివీ ఉండకూడదు. కొనుక్కుంటే ఉండు. లేదంటే లెక్సింగ్టన్ పట్నంలో మన రోవెనా దగ్గరికి వెళ్ళిపో."

మేనకోడలు రోవెనా మంచిదే. కానీ ఆమెది మూడో అంతస్తు. కిటికీ తెరిస్తే కార్లు. వెర్నాకి తుపాకులంటే ఇష్టమూ లేదు, భయమూ లేదు. ఆమెకి కావలసింది ఇల్లు.

ఆమె వంతు రాగానే లైల్ బల్ల కింద నుంచి పాత రివాల్వర్ తీశాడు. అయిదు తూటాలు పట్టేది, చెక్క పిడి. ఆమె అరచేతిలో కుదురుగా కూర్చుంది.

"మీ కోసమే దాచాను వెర్నా గారూ."

"తూటాలు?"

"దీనివి చూసి నాలుగు నెలలయింది. కొనిపెట్టుకోండి, ఎప్పుడో వస్తాయి."

"అప్పటిదాకా దొంగని కూర్చోబెట్టి కాఫీ ఇవ్వమంటావా?"

లైల్ నవ్వి నల్లటి పిస్తోలు ఒకటి ముందు పెట్టాడు. "దీనికైతే ఇవాళే ఒక పెట్టె ఇస్తాను. తుపాకీ కొన్నవాళ్ళకే ఇస్తున్నాను ఇవి."

దాని పైభాగాన్ని వెనక్కి లాగితే గానీ తూటా గొట్టంలోకి ఎక్కదు. వెర్నా లాగింది. సగం కదిలి ఆగిపోయింది. మళ్ళీ లాగింది. మూడోసారి బొటనవేలు కలుక్కుమంది.

"కాస్త గట్టిగా లాగాలి."

"గట్టి చేతులు ఆసుపత్రికి ఇచ్చేశాను లైల్. మిగిలినవి ఇవే." పిస్తోలుని జాగ్రత్తగా వెనక్కి జరిపింది. "రివాల్వర్ ఎవరైనా అడిగితే ఇచ్చెయ్యి."

"శనివారం దాకా ఉంచుతాను," అన్నాడు అతను.

ఆ రోజంతా దుప్పట్లు మడుస్తూ, రోవెనా ఇంటికి ఏవి తీసుకుపోవచ్చో ఆలోచించింది. కుట్టుమిషన్ పడుతుంది. ఊరగాయ జాడీలు పట్టవు. టమాటా మళ్ళు ఎలాగూ రావు. మూడయ్యేసరికి మనసు కుదుటపడింది. మాట ఇచ్చింది, అంతే. ఈ సంగతి ఇవాళే హోబర్ట్‌కి చెప్పేస్తే సరి.

ఇల్లు చేరేసరికి పక్కింటి డెల్బర్ట్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆమెని చూసి టోపీ తీసి లేచాడు.

"హోబర్ట్ వెళ్ళిపోయాడు వెర్నా. గంటయింది. కుర్చీలోనే, నిద్రలో పోయినట్టు. నర్సు వచ్చి చూసింది. నీ సెల్‌ఫోన్ కలవలేదు. ఈ లోయలో ఎప్పుడు కలిసింది గనక."

లోపల ఆక్సిజన్ మిషన్ ఆపేసి ఉంది. ఆరేళ్ళుగా ఆ చప్పుడు వింటూనే పడుకుని లేచింది ఆమె. అన్న చొక్కా కాలరు సరిచేసి, పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. చేయి ఇంకా పూర్తిగా చల్లబడలేదు.

"మీ అన్న పొద్దున్నించీ ఇంటి ఫోన్లోంచి ఊరందరికీ ఒకటే ఫోన్లు," అన్నాడు డెల్బర్ట్, గుమ్మం దగ్గరే నిలబడి. "రెండు మాటలకోసారి ఆయాసం. అయినా ఒక్క ఇల్లు వదల్లేదు. నా దగ్గర రెండున్నాయి, ఇచ్చాను. పాస్టర్ గారు రెండు పంపారు. ఆఖరిది హెస్టర్ ముసలమ్మ వాళ్ళాయన వేటకోటు జేబులో దొరికింది. ఇంకా అడుగుదామా అంటే, 'అయిదు చాలురా, దానికి అయిదే పడతాయని పొద్దున లైల్ ఫోన్ చేసి చెప్పాడు' అన్నాడు. కొన్నావా మరి?"

"లేదు," అంది వెర్నా. "లైల్ శనివారం దాకా ఉంచుతానన్నాడు."

హోబర్ట్ మోచేతి పక్కన బల్ల మీద, కోడిగుడ్ల అట్టపెట్టెని సగానికి కోసిన ముక్క ఉంది. అయిదు గుంటల్లో అయిదు తూటాలు నిలబెట్టి ఉన్నాయి. నాలుగు మెరుస్తున్నాయి, ఒకటి చిలుమెక్కి పచ్చబడింది. ఆరో గుంట ఖాళీగా ఉంది.