మునికుమార్ మంచి చెయ్యి

బెంగళూరులో ఒక పెద్ద విమానాల కంపెనీ ఉంది. దానికొక పిల్ల కంపెనీ, పేరు స్వర్ణముఖి ఎయిర్. తల్లికి గిట్టుబాటు కాని ఊళ్ళన్నీ పిల్ల తిరగాలి. తిరుపతి నుంచి హైదరాబాదు, విజయవాడ, కడప. కడపకు ఎక్కేవాళ్ళు లేక ఆ దారి ఎప్పుడో మూతపడింది. ఉన్నవి పంకా తిరిగే విమానాలు మూడు, మూడూ ఎవరో వాడి వదిలేసినవే. అయితేనేం, పదేళ్ళలో ఒక్క ప్రమాదం జరగలేదు. ఆ మాట రేణిగుంట విమానాశ్రయంలోని ఆఫీసు గోడ మీద ఎర్ర రంగుతో రాయించుకున్నారు. మేనేజరు గుణశేఖర్ పొద్దున్నే ఆ గోడకు దండం పెట్టుకుని గాని కుర్చీలో కూర్చోడు.

మొదటి విమానం దిగిన రోజు దానికి కొబ్బరికాయ కొట్టింది సామాన్లు ఎక్కించే మునికుమార్. కాయ సమంగా రెండు చెక్కలైంది. అంతే, అతని చెయ్యి మంచిదని పేరు పడిపోయింది. కొత్త టైరు కింద నిమ్మకాయ పెట్టాలన్నా, ఆయుధపూజకు విమానానికి బొట్టు పెట్టాలన్నా అతనే రావాలి. చేతికి పేరొచ్చింది గాని మనిషికి ఉద్యోగం ఖాయం కాలేదు. పదేళ్ళుగా కాంట్రాక్టు కూలీయే.

ఆ ఏడు తల్లి కంపెనీ నుంచి కబురొచ్చింది. దసరా పోయాక పిల్ల కంపెనీని తనలో కలిపేసుకుంటుందట. గోడ మీద రాత నిలబడితే కాంట్రాక్టు వాళ్ళందరికీ ఉద్యోగాలు ఖాయం. మచ్చ పడితే ఇక్కడి ఆఫీసుకు తాళం. మునికుమార్‌కు నిద్రలో కూడా ఆ గోడే కనిపించేది.

ఆయుధపూజ నాడు వాన అప్పుడే వెలిసింది. మునికుమార్ గంధంలో పసుపు కలిపి ముద్దగా చేసి, విమానం ముక్కు దగ్గరకు వెళ్ళాడు. అక్కడ పక్కగా ఒక ఎర్రటి గుండ్రం గీసి ఉంటుంది. దాని మధ్యలో సన్నటి రంధ్రాలు. అవి మూసుకుపోతే ఎంత ఎత్తులో ఎగురుతున్నాడో పైలట్‌కు తెలియదు. వాటి మీద ఏదీ పెట్టకూడదని అక్కడ పనిచేసే ప్రతివాడికీ తెలుసు, మునికుమార్‌కూ తెలుసు. కాని పండగ సంబరంలో ఆ గుండ్రం అతని కంటికి బొట్టు కోసమే గీసినట్టు కనబడింది. సరిగ్గా దాని నడుమ దిట్టంగా గంధం పట్టించి, పైన కుంకుమ అద్దాడు. అందరూ గోవిందా అన్నారు.

విమానాలు కడిగే ఏబెల్ కిరస్తానీ. పూజకు ఎడంగా నిలబడ్డవాడు తడిగుడ్డ తీసుకుని దగ్గరకొచ్చాడు.

"అన్నా, రంధ్రాల మీద పూసేసినావు. తుడిసేస్తా ఉండు."

"పండగ పూట బొట్టు తుడుస్తావేందిరా?" మునికుమార్ అందరికీ వినబడేలా అరిచాడు. "నీకు పట్టకపోతే ఆడనే నిలబడు!"

అందరూ నవ్వారు. ఏబెల్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎగిరే ముందు విమానాన్ని చూడవలసిన ఇంజనీరు పొంగలి దగ్గర ఉన్నాడు. పైలట్ విమానం చుట్టూ తిరిగొచ్చి, బొట్టు చూసి, కళ్ళకద్దుకుని ఎక్కాడు. భక్తి ఉంటే చాలు, బుద్ధితో పనేముంది?

విమానం మబ్బులోకి వెళ్ళాక ఎత్తు చూపే ముల్లు బిగుసుకుపోయింది. కింద కొండలు, చుట్టూ తెల్లటి మబ్బు. గుండు చేయించుకుని వెళ్తున్న భక్తులు ఏడుకొండలవాడా అని గగ్గోలు పెట్టారు. పైలట్ ఎలాగో వెనక్కి తిప్పి, దబ్బున దించాడు. ఎవరికీ ఏమీ కాలేదు. వాన వల్ల తిరిగొచ్చిందని పైకి చెప్పుకున్నారు.

గుణశేఖర్ తలుపు మూసి మునికుమార్‌ను అడిగాడు.

"రంధ్రాల్లో గంధం ఎండిపోయి ఉండాదంట. ఎవడి పని?"

మునికుమార్‌కు పదేళ్ళ చాకిరీ కళ్ళ ముందు తిరిగింది.

"ఏబెల్ తడిగుడ్డ తీసుకోని ఆడికి పోయినాడు సార్. అందరూ సూసినారు."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అంత పాపిష్టి నిజం అబద్ధాల్లో కూడా దొరకదు.

"ఓహో, గుడ్డతో రుద్ది లోపలికి తోసినాడన్నమాట," అన్నాడు గుణశేఖర్, దారి దొరికిన సంతోషంతో. మునికుమార్ అవుననలేదు, కాదనలేదు.

ఆ సాయంత్రమే ఏబెల్‌ను గేటు బయటికి పంపేశారు. పొద్దున నవ్విన వాళ్ళెవరూ నోరు తెరవలేదు. గోడ మీద రాత అలాగే నిలబడింది. నెల తిరక్కుండానే అందరికీ ఉద్యోగాలు ఖాయమయ్యాయి.

క్రిస్మస్ నాడు ఏబెల్, భార్య రూతు, కజ్జికాయల పళ్ళెంతో మునికుమార్ ఇంటికొచ్చారు. ఏబెల్ ఇప్పుడు తిరుపతి బస్టాండు దగ్గర లాడ్జీలో పెట్టెలు మోస్తున్నాడు. భుజం ఒకటి కిందికి వాలిపోయింది.

"నువ్వు కాళ్ళా వేళ్ళా పడకపోతే సారు నన్ను పోలీసులకు పట్టించేవాడంట కదన్నా. ఆయనే చెప్పినాడు," అన్నాడు.

"మా ప్రార్థనలో రోజూ నీ పేరు సెప్పుకుంటాం," అంది రూతు.

మునికుమార్ ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. గుణశేఖర్ ఎంత తెలివైనవాడో అతనికి అప్పుడు అర్థమైంది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను రాదు. అతను పళ్ళెం అందుకున్నాడు.

"నువ్వు పెద్ద కంపెనీ మనిషివి అయినావు. నా గురించి ఒక్క మాట సెప్పన్నా," అన్నాడు ఏబెల్.

"సూస్తాలేప్పా," అన్నాడు మునికుమార్, కజ్జికాయ కొరుకుతూ. కొబ్బరి దండిగా వేసింది రూతు. బాగుందని కూడా అన్నాడు.

మళ్ళీ ఆయుధపూజ వచ్చింది. గంధం గిన్నె మునికుమార్ చేతికే ఇచ్చారు. అతను ముక్కు దగ్గరకు వెళ్ళి, ఎర్ర గుండ్రాన్ని ఒక్క క్షణం చూశాడు. దానికి జానెడు ఇవతల, ఏ రంధ్రమూ లేని చోట, పొందిగ్గా బొట్టు పెట్టాడు.

"సూసినారా, చెయ్యంటే ఇదప్పా!" అన్నాడు గుణశేఖర్.

అందరూ గోవిందా అన్నారు. మునికుమార్ చేతులు శుభ్రంగా కడుక్కుని పొంగలి తిన్నాడు.