డ్రమ్ము మీది కాగితం

సుసన్నా బూడిద, చింతపండు కలిపి నీలం డ్రమ్మును తోముతోంది. మూడుసార్లు కడిగినా వాసన పోలేదు. కిరసనాయిలు వాసన కాదు, ఫినాయిల్ వాసనా కాదు. ముక్కులోకి తియ్యగా దిగి తల బరువెక్కించే వాసన.

డ్రమ్ము పొట్ట మీద జానెడు మేర రంగు వెలిసిపోకుండా ఉంది. అక్కడ ఏదో కాగితం ఉండేది. ఎవరో ఒడుపుగా ఊడదీశారు. ఎందుకు తీసినట్టు?

డ్రమ్మును తెచ్చింది ఆమె భర్త యిర్మియా. ఇచ్చింది వర్క్‌షాపు స్టోరులో పనిచేసే గట్టయ్య. యంత్రాల జిడ్డు కడిగే సబ్బునీళ్ల లాంటిదేదో ఉండేదట అందులో. కంపెనీ క్వార్టర్లలో నల్లా రోజు విడిచి రోజు, సాయంత్రం నాలుగింటికి వస్తుంది. నీళ్లు పట్టుకునేందుకని ఆ లైనులో ఐదిళ్లకు గట్టయ్య ఇలాంటి డ్రమ్ములే ఇచ్చాడు. తన ఇంట్లో మాత్రం అన్నీ కుండలే. పొద్దున్నుంచి సుసన్నాను తొలుస్తున్నది ఆ సంగతే. రేపటి నుంచి రెండేళ్ల బిడ్డ తాగాల్సింది ఈ డ్రమ్ము నీళ్లే.

డ్రమ్మును ఎండలో బోర్లించి, బిడ్డను చంకనేసుకొని, పెరుగు తోడు అడిగే నెపంతో గట్టయ్య ఇంటికి పోయింది. అతని భార్య ఐలవ్వ గిన్నె కడుగుతుంటే సుసన్నా అరల వైపు చూసింది. పప్పు డబ్బాల కింద మందపాటి తెల్ల కాగితాలు, అంచులు పూలలాగా కత్తిరించి పరిచి ఉన్నాయి. ఒకదాని మీద, కరెంటు స్తంభాల రేకు మీద ఉండేలాంటి పుర్రె బొమ్మ.

కుండల సంగతి కదిపితే, డ్రమ్ము నీళ్లు చల్లగుండవని ఐలవ్వ చెప్పింది. నమ్మాలో లేదో సుసన్నాకు తేలలేదు. కాగితం గురించి అడిగింది.

"గంత మంచి కాగితం ఎవరన్న పారేస్తరా? చినుగకుంట తీసుకరమ్మని నేనే చెప్పిన. నీకు గూడ పరుసుకోను కావాల్నా?" ఐలవ్వ నవ్వుతూ పుర్రె ఉన్నదే తీసిచ్చింది.

ఊళ్లో ఏడో తరగతి దాకా చదివిన సుసన్నా ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలదు కానీ అర్థం తెలియదు. వెనక లైనులోని సత్యవతి టీచరు దగ్గరికి పట్టుకెళ్లింది. టీచరు రెండుసార్లు చదివి, ఆ డ్రమ్ము ఇప్పుడెక్కడుందని మొదట అడిగింది. తర్వాత ఒక్కో వాక్యం తెలుగులో చెప్పింది. సండే స్కూలు వాక్యాల్లాగా సుసన్నా వాటిని కంఠస్థం చేసుకుంది.

డ్రమ్ములున్న మిగతా ఇళ్లకూ చెప్పి ఇంటికి వచ్చేసరికి నల్లా వచ్చేసింది. షిఫ్టు దిగిన యిర్మియా డ్రమ్మును దాని కిందికి జరుపుతున్నాడు. గట్టయ్య వాళ్ల గడప మీదే కూర్చొని చాయ తాగుతున్నాడు. సుసన్నా వెళ్లి నల్లా కట్టేసింది. ఏమైందని యిర్మియా కసిరాడు.

"దీని ఆవిరి పీలిస్తే తల తిరుగుతది, సోయి తప్పుతది. ఖాళీ అయినంక గూడ, ఎంత కడిగినా, తాగే నీళ్లు, తిండి దీంట్ల పెట్టొద్దు. గిట్ల రాసున్నది కాకా," అంటూ ఆమె గట్టయ్య చేతికి కాగితం ఇచ్చింది. "ఎవరితోనన్న సదివిచ్చుకోలేదా?"

"సదివిన పిల్లను చేసుకుంటే గింతే కాకా. నీళ్లకు గూడ పరీక్ష పెడ్తది," అన్నాడు యిర్మియా.

గట్టయ్య నవ్వలేదు. పుర్రె బొమ్మ మీద బొటనవేలు ఆనించాడు.

"అరలల్ల పరిచేటందుకే తీసిన బిడ్డా. మా బిడ్డ లింగవ్వకు గూడ మొన్న ఒక డ్రమ్ము పంపిన, బసంత్‌నగర్‌కు," అన్నాడు. "పచ్చి బాలింత."

యిర్మియా డ్రమ్ము మీంచి చెయ్యి తీసేశాడు. పెద్దపల్లి పోయే బస్సు అయిదింటికని, మధ్యలో బసంత్‌నగర్‌లో ఆగుతుందని సుసన్నా మెల్లగా చెప్పింది. గట్టయ్య సగం చాయ ఉన్న గ్లాసు కింద పెట్టాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకొని, చెప్పులు తొడుక్కొని బస్సు కోసం బయల్దేరాడు.